కీళ్లు అతిగా వంగే శరీరానికి ఫిజియోథెరపీ పరీక్ష ఎలా జరగాలి?

ప్రశ్న: నా వయసు 29. గుంటూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. ఎనిమిదో ఏట మొదలుపెట్టి డిగ్రీ పూర్తయ్యే వరకు కూచిపూడి నేర్చుకున్నాను. నా ఒళ్లు ఎటు చెబితే అటు వంగుతుందని అందరూ మెచ్చుకునేవారు. నాలుగైదేళ్లుగా బోర్డు తుడుస్తుంటే కుడి భుజం పక్కకు జారినట్లవుతోంది. మెడ నొప్పి, తలనొప్పి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఉదయం ప్రార్థనలో నిలబడితే గుండె దడదడలాడి కళ్లు బైర్లు కమ్ముతాయి. పరీక్షల పని ఎక్కువగా ఉన్న వారం తర్వాత రెండు రోజులు మంచం దిగలేను. కడుపు ఉబ్బరం, సరిగా పట్టని నిద్ర మామూలైపోయాయి. ఎక్స్‌రే, ఎమ్మారై, రక్త పరీక్షలు నార్మల్ అన్నారు. టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఇంటి దగ్గర క్లినిక్‌లో కరెంటు పెట్టి, సాగదీసే వ్యాయామాలు చేయిస్తే నొప్పులు ఇంకా పెరిగాయి. ఈమధ్య ఒక రుమటాలజిస్టు (కీళ్లవాత వైద్య నిపుణులు) నా కీళ్లన్నీ వంచి చూసి ‘జనరలైజ్డ్ హైపర్‌మొబిలిటీ’ (శరీరమంతటా వదులు కీళ్లు) అని రాసి, పూర్తి ఫిజియోథెరపీ అసెస్‌మెంట్ చేయించుకోమన్నారు. మళ్లీ వెళ్లాలంటే భయంగా ఉంది. ఆ పరీక్షలో ఏం చూస్తారు? నేను ఎలా సిద్ధం కావాలి? చేసేవారికి ఈ సమస్య తెలుసో లేదో నాకెలా తెలుస్తుంది? మళ్లీ నాట్యం చేయగలనా?

సమాధానం: మీరు తప్పకుండా వెళ్లండి, అయితే పోయినసారి వెళ్లినట్లు వెళ్లకండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అప్పుడు మీకు చికిత్స మొదలుపెట్టారు గానీ పరీక్ష చేయలేదు. నొప్పి ఎక్కడో అడిగి, అక్కడ యంత్రం ప్యాడ్లు అంటించి, నడుము నొప్పికైనా మెడ నొప్పికైనా అందరికీ ఇచ్చే సాగదీత వ్యాయామాలే మీకూ చెప్పి పంపారు. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమే అన్న అభిప్రాయం మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందంటే, వచ్చినవారిని కూర్చోబెట్టి ముప్పావుగంట సేపు వివరాలు అడిగితే ‘వైద్యం ఎప్పుడు మొదలుపెడతారు’ అని అడిగేవారు నాకు ఇప్పటికీ ఎదురవుతుంటారు. మీ వంటి సమస్యలో తర్వాత చేయాల్సిన పరీక్షలన్నీ ఆ మాటల్లోంచే తేలాలి.

ముందుగా మీ శరీరంలో ఏం జరుగుతోందో చెబుతాను, ఎందుకంటే పరీక్షలోని ప్రతి అంశమూ దాని మీదే ఆధారపడి ఉంటుంది. కీలును హద్దులో ఉంచేవి ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు, కీలు చుట్టూ ఉండే తిత్తి. వాటిలోని బంధన కణజాలానికి పుట్టుకతోనే ఎక్కువ సాగే గుణం ఉంటే, కీలు ఆగాల్సిన చోట ఆగదు. అప్పుడు దాన్ని ఆపే పని కండరాల మీద పడుతుంది. తాళ్లు వదులైన పందిరి ఒరిగిపోకుండా నలుగురు మనుషులు గుంజలు పట్టుకుని నిలబడాల్సి వచ్చినట్లుగా, మీ మెడ, భుజం, నడుము కండరాలు రోజంతా తమది కాని పనిని మోస్తున్నాయి. అందుకే కీళ్లు వదులుగా ఉన్నా కండరాలు మాత్రం బిగుసుకుపోయి పట్టేసినట్లుంటాయి. వాటిని సాగదీస్తే కాసేపు హాయిగానే ఉంటుంది, కానీ కీలును కాపాడుతున్న ఆ బిగింపు కాస్తా సడలిపోవడంతో మర్నాటికి నొప్పి పెరుగుతుంది. మీకు జరిగింది ఇదేనని నా అభిప్రాయం. ఎమ్మారైలో ఇదంతా కనిపించకపోవడం సహజమే, ఎందుకంటే కదలకుండా పడుకున్న మనిషికి తీసే చిత్రంలో, చెయ్యి ఎత్తి పనిచేసేటప్పుడు భుజం ఎలా జారుతుందో తెలియదు. మీ రిపోర్టులు నార్మల్‌గా ఉన్నాయంటే ఎముక విరగలేదని, డిస్కు నరాన్ని నొక్కడం లేదని, వాపుకు సంబంధించిన గుర్తులు రక్తంలో లేవని మాత్రమే తెలుస్తుంది. అంతమాత్రాన అంతా టెన్షనే అని మిమ్మల్ని పంపించేయడం న్యాయం కాదు.

ఇక పరీక్ష సంగతి. మంచి ఫిజియోథెరపిస్టు మొదటిరోజు మీ కీళ్లను తాకే ముందు మీ కథ మొత్తం వింటారు. ఏ కీలు మొదట ఇబ్బంది పెట్టింది, ఏ వయసులో, జారిన కీలు దానంతట అదే సర్దుకుందా లేక ఎవరైనా సరిచేయాల్సి వచ్చిందా అని అడుగుతారు. నొప్పితో పాటు తలతిరుగుడు, దడ, కడుపు, నిద్ర, మూత్రం ఆపుకోలేకపోవడం, దవడ పట్టేయడం, చర్మం తేలిగ్గా కమిలిపోవడం వంటివి కూడా అడగాలి. ఇవన్నీ ఫిజియోథెరపిస్టు నయం చేసేవి కావు. కానీ ఏ వ్యాయామం ఏ భంగిమలో చేయించాలో, ఎవరి దగ్గరికి పంపాలో వీటిని బట్టే నిర్ణయిస్తారు. నొప్పులు ఏదైనా జ్వరం తర్వాత మొదలయ్యాయా అన్న ప్రశ్న మన రాష్ట్రాల్లో మరీ ముఖ్యం. చికున్‌గున్యా తర్వాత కీళ్ల నొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కోవిడ్ తర్వాత నీరసం, దడ మిగిలిపోయినవారూ చాలామంది ఉన్నారు. వదులు కీళ్లు మీకు పుట్టుకతో వచ్చినవే కావచ్చు, కానీ ఇప్పటి బాధంతటికీ అవే కారణమని ముందుగానే తీర్మానించుకున్న పరీక్షకుడు మిగతా కారణాలను చూడలేరు.

కుటుంబం గురించి అడిగినప్పుడు బాగా గుర్తు చేసుకుని చెప్పండి. అమ్మకో అమ్మమ్మకో ఇలాగే వేళ్లు వెనక్కి వంగేవా, ఎవరికైనా హెర్నియా, గర్భసంచి జారడం వంటివి వచ్చాయా అన్నది ఒక భాగం. చిన్న వయసులోనే హఠాత్తుగా గుండెపోటుతోనో లోపల రక్తనాళం పగిలిపోయిందనో ఎవరైనా చనిపోయారా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బంధన కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే ఎహ్లర్స్ డాన్లోస్ సిండ్రోమ్ అనే జన్యు సమస్యలో 2017 నాటి అంతర్జాతీయ వర్గీకరణ 13 రకాలను గుర్తించింది. వాటిలో ఎక్కువగా కనిపించే హైపర్‌మొబైల్ రకానికి కారణమైన జన్యువు ఇంతవరకు తేలలేదు కాబట్టి దాన్ని లక్షణాలను బట్టే నిర్ధారిస్తారు. అరుదైన వాస్కులర్ రకంలో మాత్రం పెద్ద రక్తనాళాలు, పేగులు, గర్భసంచి చీలిపోయే ప్రమాదం ఉంటుంది. దానికి జన్యుపరీక్ష ఉంది. మనిషి బాగా పొడవుగా, బార చాపిన చేతుల వెడల్పు ఎత్తును మించి, కంటి కటకం జారిన చరిత్రతో ఉంటే బంధన కణజాలానికి చెందిన మరో జన్యు సమస్య అయిన మార్ఫాన్ సిండ్రోమ్‌ను అనుమానించి, గుండె దగ్గరి మహాధమని వెడల్పును ఎకో అనే గుండె స్కాన్‌తో చూడాలి. ఈ నిర్ధారణలు చేయాల్సింది వైద్యులు, వాటి సూచనలను గమనించి వైద్యుల దగ్గరికి తిప్పి పంపాల్సింది ఫిజియోథెరపిస్టు. అవసరమనిపిస్తే హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీతో పాటు మెడికల్ జెనెటిక్స్ విభాగం కూడా ఉంది. మీ ఉత్తరంలో ఇటువంటి ప్రమాద సూచన నాకు ఏదీ కనిపించలేదు, కాబట్టి కంగారు పడకండి, ఎవరూ అడగకపోతే మీరే చెప్పాలన్న ఉద్దేశంతోనే రాశాను.

వేసుకునే మందుల పేర్లన్నీ రాసుకెళ్లండి. తలనొప్పికో దడకో ప్రొప్రనొలాల్ వేసుకుంటున్నవారిలో నాడి వేగం పెరగాల్సినంత పెరగదు. అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ వంటివి నాడి వేగాన్ని పెంచవచ్చు. వీటిని పరీక్ష కోసమని మీ అంతట మీరు మానేయవద్దు, ఆ మాట రాసిచ్చిన వైద్యులతోనే చెప్పించుకోండి. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విరేచనాలకూ మూత్ర ఇన్ఫెక్షన్‌కూ మన మందుల షాపుల్లో చీటీ లేకుండానే దొరికే ఒఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లను దెబ్బతీయగలవు. మహాధమని చీలే ప్రమాదం దృష్ట్యా, మార్ఫాన్, వాస్కులర్ ఎహ్లర్స్ డాన్లోస్ ఉన్నవారికి వేరే మందు లేనప్పుడు తప్ప వీటిని ఇవ్వవద్దని 2018 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీది ఏ రకమో తేలేవరకు మందు రాసేవారికి మీ కీళ్ల సంగతి చెప్పడం మంచిది.

ఇప్పుడు కీళ్ల కొలత. మీ రుమటాలజిస్టు వంచి చూసింది బహుశా బైటన్ స్కోరు కోసం. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగడం, బొటనవేలు ముంజేతిని తాకడం, మోచేయి, మోకాలు 10 డిగ్రీలకు మించి వెనక్కి వెళ్లడం, వీటికి ఒక్కో వైపుకు ఒక్కో మార్కు. మోకాళ్లు వంచకుండా అరచేతులు పూర్తిగా నేలకు ఆనితే మరొకటి. మొత్తం 9. యుక్తవయసు వచ్చినప్పటి నుంచి 50 ఏళ్ల వరకు 5, ఆ పైన వయసులో 4, యుక్తవయసు రాని పిల్లల్లో 6 వస్తే శరీరమంతటా కీళ్లు వదులుగా ఉన్నాయని పైన చెప్పిన 2017 వర్గీకరణ ప్రమాణాలు చెబుతాయి. పీటర్ బైటన్ 1973లో ఈ పద్ధతిని దక్షిణాఫ్రికాలో ఒక జనసమూహాన్ని సర్వే చేయడానికి వాడారు. ఎక్కువమందిని తక్కువ సమయంలో చూడటానికి అది బాగా పనికొస్తుంది. ఒక మనిషి బాధను అంచనా వేయడానికి మాత్రం అది చాలదు. అందులో భుజం, తుంటి, చీలమండ, మెడ, దవడ అసలే లేవు. మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్న భుజానికి ఆ స్కోరులో చోటే లేదన్నమాట. స్కోరు ఎక్కువగా ఉన్నవారికి బాధ ఎక్కువగా ఉంటుందన్న నియమం కూడా లేదు. 9కి 9 వచ్చి ఏ నొప్పీ లేకుండా బతికేవారూ ఉన్నారు. పైగా భారతీయుల కీళ్లు సగటున యూరోపియన్ల కీళ్ల కంటే ఎక్కువగా వంగుతాయి, ఆడవారిలో, పిల్లల్లో మరీను. అందుచేత మన దగ్గర స్కోరు ఒక్కటే పట్టుకుని జబ్బు పేరు పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

మీ విషయంలో నాట్యం వల్ల మరో మెలిక ఉంది. ఏళ్ల తరబడి సాధన చేస్తే నడుము, తుంటి, తొడ వెనుక కండరాలు సాగి అరచేతులు నేలకు ఆనడం ఎవరికైనా సాధ్యమే. చిటికెన వేలు, బొటనవేలు, మోచేయి వెనక్కి వంగడం మాత్రం నాట్య శిక్షణతో వచ్చేది కాదు. కాబట్టి మార్కులు ఎక్కడెక్కడ వచ్చాయో చూస్తే, సాధనతో వచ్చిన వంపు ఎంత, పుట్టుకతో వచ్చిన వదులు ఎంత అన్నది కొంతవరకు తెలుస్తుంది. నాట్యం మొదలుపెట్టక ముందు, అంటే ఆరేడేళ్ల వయసులో, ఒంటిని వంచి స్నేహితులకు చూపించి నవ్వించేవారా అన్న ప్రశ్నకు అమ్మానాన్నలను అడిగి జవాబు తెలుసుకుని వెళ్లండి. స్కోరు ఒకసారి కొలిచాక ప్రతి సందర్శనలోనూ మళ్లీ వంచి చూపించాల్సిన పని లేదు. మీ కాగితంలో ఉన్న సంఖ్యను చూపించి, ‘ఇప్పటికే కొలిచారండీ’ అని మర్యాదగా చెప్పే హక్కు మీకు ఉంది.

నన్నడిగితే అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. కీలు ఎంతవరకు వంగుతుందో తెలిసింది, అది ఎంత బరువును ఎంతసేపు అదుపులో ఉంచగలదో, ఆ శ్రమ నుంచి శరీరం ఎన్నాళ్లకు తేరుకుంటుందో తెలియాలి. అందుకని మీరు మామూలుగా ఎలా నిలబడతారో ముందు చూడాలి. మీ వంటివారిలో చాలామంది మోకాళ్లను వెనక్కి లాక్ చేసి, నడుమును ముందుకు తోసి, కండరాలకు పని తగ్గించి లిగమెంట్ల మీద వేలాడుతూ నిలబడతారు. మీరు రోజూ చేసే పనులనే అక్కడ చేయించి చూడాలి: బోర్డు తుడవడం, బ్యాగు తగిలించుకోవడం, మెట్లు దిగడం, కుర్చీలోంచి లేవడం. బోర్డు తుడిచేటప్పుడు భుజపు బంతి కంటే ముందు భుజపు రెక్క ఎలా కదులుతోందన్నది గమనించాలి. రెక్క ఎముక ఛాతీ గూటికి ఆనుకుని నిలకడగా లేకపోతే, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ బంతి కిందికో ముందుకో జారుతుంది. భుజం వదులును చేతితో లాగి చూసే పరీక్షలు ఉన్నాయి గానీ, వాటిని నెమ్మదిగా, ఒక్కసారే చేయాలి. పదే పదే జార్చి చూస్తే ఆ సాయంత్రం ఆ బాధ పడేది మీరే. ‘మీరే జార్చి చూపించండి’ అని అడిగితే వద్దని చెప్పండి.

బలాన్ని కొలిచేటప్పుడు కీలు చివరి వంపులో కాకుండా మధ్యలో ఉండాలి. ఒక్కసారి గట్టిగా నెట్టగలరా అన్నదానికంటే తక్కువ బరువును ఎన్ని సెకన్లు వణక్కుండా పట్టుకోగలరన్నది మీ విషయంలో ఎక్కువ చెబుతుంది. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటారు. మోకాలిని ఒక కోణంలో ఉంచి, దించి, మళ్లీ అదే కోణానికి కళ్లు మూసుకుని తెమ్మంటారు. వదులు కీళ్లు ఉన్నవారిలో కీలు ఎక్కడుందో మెదడుకు చేరే సమాచారం తరచుగా మసకబారి ఉంటుంది. గుమ్మాలకు భుజం కొట్టుకోవడం, నడుస్తూ నడుస్తూ చీలమండ మడత పడటం వెనుక ఉన్నది ఇదే, మీ అజాగ్రత్త కాదు. ఈ లోపం సాధనతో మెరుగుపడుతుంది కాబట్టి దీన్ని కొలిచి రాసి పెట్టడం అవసరం.

మెడ విషయంలో మాత్రం నేను చాలా పట్టుదలగా ఉంటాను. తలనొప్పి, తలతిరుగుడు ఉన్న వదులు కీళ్ల మనిషికి చేతులు, కాళ్ల ప్రతిచర్యలు, స్పర్శ, బలం పరీక్షించకుండా మెడకు ట్రాక్షన్ (లాగి ఉంచడం) పెట్టకూడదు, మెడను ఒక్క విసురుతో తిప్పి చప్పుడు చేయించకూడదు. చేతుల్లో వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం, మింగడం కష్టం కావడం, మాట తడబడటం ఉంటే ఫిజియోథెరపీని ఆపి ముందు న్యూరాలజిస్టుకు చూపించాలి. మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రార్థనలో నిలబడినప్పుడు వచ్చే దడకు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఐదు పది నిమిషాలు పడుకోబెట్టి నాడి, బీపీ చూస్తారు. తర్వాత మడమలు గోడకు జానెడు దూరంలో ఉంచి, వీపు పైభాగం గోడకు ఆనించి, 10 నిమిషాలు కదలకుండా నిలబెట్టి మధ్యమధ్యలో రెండూ కొలుస్తారు. బీపీ పడిపోకుండా నాడి వేగం నిమిషానికి 30కి మించి పెరిగి, పెరిగినది అలాగే నిలిచి ఉంటే, 12 నుంచి 19 ఏళ్ల వారిలో అయితే 40కి మించితే, పాట్స్ అనే స్థితిని అనుమానిస్తారు. ఇటువంటి ఇబ్బంది కనీసం 3 నెలలుగా ఉంటేనే ఆ పేరు పెడతారు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం, తగినన్ని నీళ్లు తాగకపోవడం కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, బి12, విటమిన్ డి చూపించుకున్నారో లేదో రిపోర్టుల్లో వెతకండి. ఈ పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒకరు తప్పకుండా ఉండాలి, కళ్లు తిరిగితే వెంటనే పడుకోబెట్టాలి. మీ ఫలితం పాట్స్ వైపు మొగ్గితే వ్యాయామ ప్రణాళిక మొత్తం మారుతుంది. నిలబడి చేసేవాటికి బదులు పడుకుని, తర్వాత కూర్చుని చేసేవాటితో మొదలుపెడతారు. ఈ ఒక్క సంగతి తెలియక, ‘రోజూ ఒక గంట నడవండి’ అని చెప్పించుకుని, చేయలేక, తమనే తప్పుపట్టుకున్నవారిని చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

పని వారం తర్వాత రెండు రోజులు మంచం దిగలేనన్నారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ఇదే. దీనికి రెండు వేర్వేరు అర్థాలు ఉండవచ్చు. నొప్పి భయంతో కదలిక తగ్గి కండరాలు బలహీనపడినవారికి శ్రమ తర్వాత ఒళ్లు నొప్పులు వస్తాయి, కానీ కొద్దికొద్దిగా పెంచుతూ పోతే వారాలు గడిచేకొద్దీ ఓపిక పెరుగుతుంది. పోస్ట్ ఎగ్జర్షనల్ మలైజ్ అనే స్థితిలో మాత్రం శ్రమ జరిగిన కొన్ని గంటలకో ఒకటి రెండు రోజులకో నీరసంతో పాటు మెదడు మొద్దుబారడం, నిద్ర చెడటం, వెలుగు, చప్పుడు భరించలేకపోవడం వంటివి కలిసి వచ్చి మనిషి కూలబడిపోతాడు, పట్టుబట్టి పెంచుతూ పోతే పరిస్థితి దిగజారుతుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో, ఈ కూలబాటే ముఖ్య లక్షణమైన క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (తగ్గని తీవ్ర నీరసపు జబ్బు) ఉన్నవారికి ముందే నిర్ణయించిన లెక్కల ప్రకారం వ్యాయామం పెంచుతూ పోయే పద్ధతిని ఇవ్వవద్దని చెప్పింది ఇందుకే. ఈ రెండింట్లో మీది ఏదో ఒక్క పూటలో తేలదు. కాబట్టి మొదటిరోజు పరీక్ష మిమ్మల్ని అలసిపోయేలా చేయకూడదు, ఒకే రోజున అన్నీ పూర్తిచేయాలన్న తొందర ఉండకూడదు. ఆ మర్నాడు, రెండో రోజు, మూడో రోజు ఎలా ఉన్నారో రాసుకుని రెండోసారి వెళ్లినప్పుడు చెప్పాలి. నా లెక్కలో ఆ మూడు రోజుల రాత కూడా పరీక్షలో భాగమే, ఫిజియోథెరపిస్టు దాన్ని అడిగి తీసుకోవాలి.

సిద్ధం కావడానికి పెద్ద ఫైలు అక్కర్లేదు. ఒకే కాగితం మీద ఏ సంవత్సరంలో ఏం మొదలైందో క్రమంగా రాయండి, దాని వెనుక మందులు, అలర్జీలు, ఇంతకుముందు ఏ వ్యాయామం వల్ల ఏం జరిగిందో రాయండి. ప్లాస్టర్ అంటిస్తే చర్మం ఎర్రబడుతుందా అన్నదీ చేర్చండి, ఎందుకంటే భుజానికి టేపు వేయాలనుకుంటే ముందు చిన్న ముక్క అంటించి చూడాలి, తీసేటప్పుడు చర్మం లాగకుండా తీయాలి. ఆ వారంలో రెండు మామూలు రోజుల దినచర్యను, ఎంతసేపు నిలబడ్డారో, ఎప్పుడు పడుకోవాల్సి వచ్చిందో రాస్తే ఇంకా మంచిది. చున్నీ, వదులు చుడీదార్ల కింద భుజపు రెక్క, మోకాలు కనిపించవు కాబట్టి చేతులు లేని బనియను, మోకాళ్ల పైకి మడిచే ప్యాంటు తీసుకెళ్లి అక్కడ మార్చుకోండి. ఆడ ఫిజియోథెరపిస్టు కావాలని గానీ, పరీక్ష జరిగేటప్పుడు మీ ఇంటివారు ఎవరైనా పక్కన ఉండాలని గానీ అడగడానికి మొహమాట పడవద్దు. మూత్రం ఆపుకోలేని సమస్య ఉంటే కటి కండరాల పరీక్ష గురించి ప్రస్తావన రావచ్చు. అది వేరే శిక్షణ పొందినవారు, మీరు ఒప్పుకున్నప్పుడు మాత్రమే చేయాల్సింది. మొదటిరోజే కావాలన్న నిర్బంధమేమీ లేదు.

చేసేవారికి ఈ సమస్య తెలుసో లేదో ఎలా తెలుస్తుందన్నారు. ఫిజియోథెరపీలో డిగ్రీ (బీపీటీ) లేదా పీజీ (ఎంపీటీ) చదివినవారేనా అన్నది మొదట కనుక్కోండి, చాలా క్లినిక్‌లలో యంత్రం పెట్టేది ఫిజియోథెరపిస్టు కాదు, సహాయకులు. ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగవచ్చు: వదులు కీళ్లు ఉన్నవారిని ఇంతకుముందు చూశారా, మొదటిరోజు ఎంత సమయం ఇస్తారు? చూడలేదని చెప్పినంత మాత్రాన వదిలేయనక్కర్లేదు. తెలియదని ఒప్పుకుని, మీరు చెప్పేది శ్రద్ధగా విని, చదివి చెబుతాననేవారితో పని చేయవచ్చు. నొప్పి పెరిగిందని చెబితే ‘అలవాటు పడితే తగ్గుతుంది’ అని కొట్టిపారేసేవారితో కష్టం. పరీక్ష ముగిశాక మీకు రాతపూర్వకంగా ఒక పేజీ ఇమ్మని అడగండి: ఏం కొలిచారు, ఎంత వచ్చింది, వేటిని తప్పించాలి, దేనితో మొదలుపెడతారు, మళ్లీ ఎప్పుడు కొలుస్తారు. ఏ కొలతా లేకుండా పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టమంటే ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేయండి. ఆ పేజీని మీ రుమటాలజిస్టుకు చూపించండి. అలాగే పాఠశాలలో ఎత్తయిన స్టూలు వేయించమనీ, ప్రార్థన సమయంలో కూర్చోనివ్వమనీ అడగడానికి కూడా అది పనికొస్తుంది. నోటిమాటగా అడిగితే సాకు అనుకునేవారు కాగితం చూస్తే ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను.

నాట్యం గురించి మీరు చివర్లో మొహమాటంగా అడిగినట్లు అనిపించింది. దాన్ని మొదటిరోజే, మొదటి లక్ష్యంగా చెప్పండి. వదులు కీళ్లు బరువు మోయకూడదన్న భయం పాతది. డెన్మార్క్‌లో భుజం కీళ్లు అతిగా కదిలే 100 మందితో 16 వారాలు జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, తేలికపాటి వ్యాయామాలు చేసినవారి కంటే పర్యవేక్షణలో క్రమంగా ఎక్కువ బరువులతో సాధన చేసినవారికి భుజం పనితీరు ఎక్కువగా మెరుగుపడింది. మీకు శ్రమ తర్వాత కూలబడే స్థితి లేదని తేలితే ఆ దారి తెరిచే ఉంది, ఉందని తేలితే మరింత నెమ్మదిగా, మీ శరీరం ఒప్పుకున్న మేరకే వెళ్లాలి. హస్తముద్రలు, అభినయం కూర్చుని మొదలుపెట్టవచ్చు. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండి ముందుగా గోడకు ఆనుకుని, తక్కువ లోతులో, మోకాలు పాదం వేళ్ల దిశలోనే ఉండేలా చేయవచ్చు. పళ్లెం అంచుల మీద చేసే తరంగం, ఎగిరి దూకే అడుగులు చాలా తర్వాతి మాట. ఒళ్లు ఎంత వంచగలనన్నది కాకుండా ఎక్కడ ఆపగలనన్నది చూసుకునే సాధన ఇది, మీ గురువు గారికి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

అపాయింట్‌మెంటు దొరికేలోగా పోయినసారి ఇచ్చిన సాగదీత వ్యాయామాలు ఆపేయండి. వేళ్లు, భుజాలు ఎలా వంగుతాయో ఎవరికీ చూపించకండి. మెడ విరిపించుకోవడం, గట్టిగా ఒళ్లు పట్టించుకోవడం వద్దు. నిలబడేటప్పుడు మోకాళ్లను వెనక్కి లాక్ చేయకుండా ఒక వెంట్రుక వాసి మడిచి ఉంచండి. బోర్డు మీద కంటి ఎత్తుకు పైన రాయకండి, తుడిచే పని పిల్లలకు అప్పగించండి. కుడి చంకలో బ్యాగు తగిలించుకోవడం మాని వీపు సంచి వాడండి. నీళ్లు బాగా తాగండి, కానీ దడ తగ్గుతుందని ఎవరో చెప్పారని ఉప్పు పెంచవద్దు, నిలబడినప్పటి బీపీ కొలిచి, మూత్రపిండాల పరీక్ష చూసి వైద్యులు చెప్పాకే ఆ పని చేయాలి. ఈలోగా భుజం పూర్తిగా జారి సర్దుకోకపోతే ఇంట్లోనో కట్టు కట్టేవారి దగ్గరో లాగించుకోకుండా, చేతిని కదలకుండా మెడకు చున్నీతో వేలాడదీసి, ఆర్థోపెడిక్ అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.